రెండోది

జైపూరులో వాన మొదలైతే
ఇనుముకి జ్వరం వస్తుంది.
నూనెగుడ్డ పెట్టి తుడిచినంతసేపు పట్టదు, మళ్ళీ తేమ.
లైసెన్సు పుస్తకాలకి బూజు,
గల్లాపెట్టె బందుల్లో సన్నటి ఎర్రపొడి.

తంగుడు జోగారావు వచ్చి
బల్లమీద ముందు గొడుగు పెట్టాడు, తర్వాత రివాల్వరు.
"మేస్త్రీ, ఇంకోటి, చిన్నది,
చీలమండకి కట్టుకునేది తీసుకుందామనుకుంటన్నాను.
మల్కన్‌గిరి రోడ్డు, సంచిలో పరాయివాళ్ళ బంగారం.
మొదటిది మొరాయిస్తే?"

మొరాయిస్తే.
ముప్పై ఏళ్ళుగా ఈ ఒక్క మాటమీదే
మా ఇంట్లో పొయ్యి వెలుగుతోంది.

సిలిండరు తిప్పి చూశాను.
ఆరు తూటాలు. ఆరింటికీ పచ్చగా చిలుం.
కొన్ననాటి నుంచి ఒక్కటీ పేల్చిన పాపాన పోలేదు.
"మొన్న ఎలక్షన్లకి ఇది ఠాణాలో జమ చేశావు కదా,
ఆ నెలన్నరా ఎలా తిరిగావు?"
"టిఫిను డబ్బాలో పెట్టుకుని బస్సులో. పైగిన్నెలో పులిహోర."
నవ్వాడు.
"నిద్ర కూడా పోయాను మేస్త్రీ,
గోవిందపల్లి ఘాటీ దిగేదాకా."

అక్కడితో వద్దనేసి పంపేయొచ్చు.
కానీ నా కొట్టుకి నెలకోసారి బెహరా నర్సింగం వస్తాడు.

కుందులి సంతలో వలిసెలు అమ్ముకుని వస్తుంటే
బండి ఆపారట ముగ్గురు కుర్రాళ్ళు.
ఒకడికి మీసమన్నా రాలేదు.
ఇతను తీశాడు. నొక్కాడు.
టక్.
మళ్ళీ నొక్కాడు.
టక్.
ఆ చప్పుడు విన్నాకే కత్తి లేచిందంటాడు.
తీయకపోయుంటే సంచితో పోయేవారేమో.
పేలుంటే ఆ మీసం రాని పిల్లాడు...
ఈ మాట నర్సింగం ఎప్పుడూ పూర్తి చెయ్యడు.

అందులో స్ప్రింగు నేనేసిందే.
ఆ వారం కటకం నుంచి సరుకు రాలేదు,
పాత గోడగడియారంలోది సానబట్టి కూర్చాను.
ఇప్పుడతని కుడిచేతికి మూడు వేళ్ళు లేవు.
ఎడంచేత్తో టీ గ్లాసు పట్టుకుని
"నీ తప్పు కాదులే మేస్త్రీ, వాన" అంటాడు.
ఆ "లే" నాకు రాత్రుళ్ళు వినిపిస్తుంది.

ఒకసారి ఉండబట్టలేక అడిగాను,
రెండోది ఉండుంటే?
గ్లాసు కిందపెట్టి చాలాసేపు చెయ్యి చూసుకున్నాడు.
"ఏ చేత్తో తీసేవాణ్ణి?"

జోగారావు కాచుకుని కూర్చున్నాడు.
రేకులమీద వాన.
రెండోది అడగడమంటే
నా చేతిపనిని నమ్మకపోవడం.
నమ్మకపోవడమే మంచిదయ్యా అని
నోటిదాకా వచ్చింది.

మా ఇంటిది ఈ కాలంలో
అగ్గిపెట్టెలు రెండు కొంటుంది,
ఒకటి పప్పుల డబ్బాలో దాస్తుంది.
అందులో తప్పేముంది?
అయితే, తలుపు చప్పుడైన ప్రతిసారీ
ఆవిడ చెయ్యి పప్పుల డబ్బా వైపు పోదు.
కుర్రాడు టీ తెచ్చి తలుపు తోసినప్పుడు
జోగారావు చెయ్యి నడుందాకా పోయి వచ్చింది.
నడుంలో ఏమీ లేదు.
అది నా బల్లమీద ఉంది.

"ఎల్లుండి రా. స్ప్రింగు మారుస్తాను,
కటకంది, అసలుది.
తూటాలు కొత్తవి కొను.
ఇక ఆ రెండోదాని సంగతి..." అన్నాను.
నేనూ పూర్తి చెయ్యలేదు.

తలూపి వెళ్ళిపోయాడు.
గొడుగు మర్చిపోయాడు.
బజారులో తడుస్తూ పోతున్నాడు,
కుడిచెయ్యి అలవాటుగా నడుంమీద.
పిలుద్దామని గుమ్మందాకా వచ్చాను.
ఇంత వానచప్పుడులో
వెనకనుంచి పిలిస్తే
మనిషి ఎలా తిరుగుతాడో తెలియక
గొడుగు పట్టుకుని
అక్కడే నిలబడిపోయాను.